కట్టయ్యకు సమజ్ గాలే

కట్టయ్యకు ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు, వెంటనే "సమజ్ గాలే" అంటాడు. వరంగల్ కొత్తవాడలో ఆయన జంపఖానాల దుకాణానికి బోర్డు లేదు. "సమజ్ గాలే దుకాణం ఎక్కడ?" అని అడిగితే పాలపళ్ల పిల్లలైనా వేలు పెట్టి చూపిస్తారు.

బస్సు కండక్టర్ "నర్సంపేట, నర్సంపేట" అని గొంతు చించుకుంటుంటే కట్టయ్య దగ్గరికి వెళ్లి, "సమజ్ గాలే తమ్మీ, ఏడికి పోతాంది?" అంటాడు. తీరా ఆయన ఆ బస్సు ఎక్కడు. ఆయన నిలబడింది హనుమకొండ ఆటో కోసం. ఒక పెళ్లిలో అయ్యగారి మంత్రానికే అడ్డం తగిలాడు. "పంతులూ, గిప్పుడు పిలగానితోని ఏమని ఒట్టేయించినవ్? మల్ల చెప్పు." అయ్యగారు మంత్రం ఆపి తెలుగులో విడమరిచి చెప్పాల్సి వచ్చింది. తాను దేనికి ఒప్పుకున్నాడో పెళ్లికొడుక్కి అప్పుడే తెలిసింది. నుదుటి మీద బాసికం వణికింది.

ఫోన్ కంపెనీవాళ్ల రికార్డు గొంతునూ ఆయన వదల్లేదు. "సమజ్ గాలే తల్లీ" అన్నాడు. రికార్డు కదా, ఆమె మొదటినుంచీ మళ్లీ చెప్పింది. "సూశిన్రా! ఈ దేశంల ఓపికున్న మనిషి ఈమె ఒక్కతే" అని ఇప్పటికీ అందరితో చెబుతుంటాడు.

ఆ దుకాణం పై వాటాలో తల్లి ఫాతిమా బేగంతో అద్దెకుండే ఫౌజియా డాక్టర్ కావాలనుకుంది. నీట్ పరీక్ష మాత్రం వేరేగా అనుకుంది. మొదటిసారి మార్కులు రాలేదు. రెండోసారి వచ్చిన మార్కులు మొదటివాటికి కవలపిల్లల్లా ఉన్నాయి. "ఇంగొక్కసారి అమ్మీ. రాకుంటే ఇగ ఆ పేరే ఎత్తను" అంది ఫౌజియా. ఫాతిమా సరేనంది. ఆనాటి నుంచి చదువు గురించి కూతుర్ని ఒక్క మాట అడగలేదు. అడిగితే ఎక్కడ పగులుతుందోనని, అద్దం పక్కనుంచి నడిచినట్టు నడిచేది.

ఫౌజియా చదువు పద్ధతి ఒకటే. పుస్తకంలో ప్రతి వాక్యానికీ రంగు పూయడం, రోజూ ఒక మాక్ టెస్ట్ రాయడం, మార్కులు చూసి ఏడవడం. పేజీలన్నీ ఇంద్రధనుస్సులయ్యాయి కానీ చినుకు మాత్రం పడలేదు.

ఒక సాయంత్రం పైన కరెంటు పోతే, పుస్తకం పట్టుకుని కిందికొచ్చి జంపఖానాల దొంతర మీద కూర్చుంది. రంగుల దారాల మీద ఎండ పడుకుని ఉంది.

"ఏం సదువుతానవ్ బిడ్డా?"

"కిడ్నీ గురించి మామా." అడిగితే తప్పదు కదా అని, పుస్తకంలో ఉన్న పేరా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"సమజ్ గాలే."

మళ్లీ అప్పజెప్పింది, ఇంకా వేగంగా.

"ఇప్పుడు అస్సలుకే సమజ్ గాలే."

ఫౌజియాకు కోపం వచ్చింది. పుస్తకం మూసేసింది. "నువ్వు పండుగకు దుకాణం దులుపుతవ్ గదా మామా? బీరువా, బల్ల అసుంటి పెద్దయి లోపల్నే ఉంటయ్. చిన్న సామానంత తీస్కపోయి వాకిట్ల పెడ్తవ్. అండ్లకెళ్లి కావాల్సింది మల్ల లోపలికి తెచ్చుకుంటవ్. మిగిలింది ఊడ్చి పారేస్తవ్. కిడ్నీ నెత్తుర్ని గట్లనే దులుపుతది."

కట్టయ్య తల గోక్కున్నాడు. "గంత కష్టమెందుకు? చెత్తొక్కటే ఏరి పారేస్తే అయిపాయె గదా?"

ఫౌజియా మూసిన పుస్తకం మళ్లీ తెరిచింది. ఆ పేరాకు ఎన్ని రంగులు వేసిందో! ఈ ప్రశ్న మాత్రం ఏ రంగు కిందా లేదు. ఆ రాత్రంతా అదే ఆలోచన. పొద్దున దుకాణం తలుపు తెరవకముందే వచ్చి నిలబడింది.

"మామా, చెత్త దినాం ఒక్క తీరుగ రాదు. రేపు ఏ రూపంల వస్తదో ఎవలకెరుక? అదే మనకు కావాల్సినయ్ ఏందో మనకెరుక. అయ్యి తెచ్చుకుంటే సాలు, కొత్త విషమైనా దానంతట అదే బయటనే ఉండిపోతది."

కట్టయ్య ముఖం వెలిగింది. అయినా అలవాటు పోనిచ్చుకోలేదు. "జర మల్ల చెప్పు."

ఆ రోజు ఫౌజియా పద్ధతి మారింది. మాక్ టెస్టులు ఆదివారానికి పరిమితమయ్యాయి. రంగుల పెన్నులు ఎదురింటి పిల్లలకు పోయాయి. ప్రతి సాయంత్రం ఒక పాఠం, ఎదురుగా కట్టయ్య. ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది తనకూ రానట్టే లెక్క. కోచింగ్‌లో సారు అడిగాడు:

"ఈసారి నీ స్ట్రాటజీ ఏందమ్మా?"

"మా మామకు సమజ్ అయ్యేదాక సదువుడు సార్."

"మరి అయితాందా?"

"ఇప్పటిదాక ఏదీ కాలే సార్."

పరీక్ష దగ్గరపడేకొద్దీ ఫౌజియాకు దిగులు పట్టుకుంది. ఇంతగా చెప్పినా ఈయనకే ఎక్కకపోతే, తనకు మాత్రం ఏం వచ్చినట్టు?

అలాంటి రోజుల్లోనే తల్లికి షుగర్ మాత్రలు తేవడానికి ఫౌజియా దవాఖానకు వెళ్లింది. కట్టయ్య తోడు వచ్చాడు. మందుల కిటికీ దగ్గర వాళ్ల ముందు వర్ధన్నపేట నుంచి వచ్చిన పూలమ్మ అనే ముసలామె ఉంది. లోపలి మనిషి మాత్రలు తోస్తూ, ఏది పొద్దునో ఏది రాత్రో ఒక్క గుక్కలో చెప్పేశాడు. పూలమ్మ తల ఊపింది. కళ్లు మాత్రం ఊపలేదు.

కట్టయ్య కిటికీలో తల దూర్చాడు. "సమజ్ గాలే సారూ. మల్ల చెప్పు."

"ఇవి నీ మందులా పెద్దమనిషీ?"

"కావు. అయినా సమజ్ గాలే."

లోపలాయన విసుక్కున్నాడు కానీ ఈసారి మెల్లగా చెప్పాడు. పూలమ్మ ఒక్కో మాటకూ కొంగు అంచున ఒక్కో ముడి వేసుకుంది. పొద్దటిదానికి చిన్న ముడి, రాత్రిదానికి పెద్ద ముడి.

బయటికొచ్చాక ఫౌజియా ఆయన్ని నిలేసింది. "మామా, నీకు మొదటిసారే సమజ్ అయింది గదా?"

కట్టయ్య ఆటోల వైపు చూశాడు. "అడగనీకె సిగ్గుపడేటోళ్లు శానమంది ఉంటరు బిడ్డా. నాకు సిగ్గు లేదాయె. వాళ్ల తరఫున నేనడుగుత."

"మరి కిడ్నీ?"

"దుకాణం దులుపుడన్నప్పుడే సమజైంది." ఆయన గొంతు తగ్గించాడు. "కోచింగ్ల చెప్పకు. మన స్ట్రాటజీ కరాబైతది."

ఫలితాలు వచ్చిన రోజు ఫౌజియా ఫోన్ పట్టుకుని వీధిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. దుకాణం ముందు ఆగి, ఊపిరాడక, గొంతులోనే అంది: "మామా, మార్కులొచ్చినయ్. సీటొస్తది."

కట్టయ్య ఏదో అనబోయి, మెట్ల వైపు చూశాడు. పైన పరదా వెనక రెండు పాదాలు కదలకుండా నిలబడి ఉన్నాయి. అడగడానికి ధైర్యం చాలని పాదాలు.

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సమజ్ గాలే బిడ్డా. జర గట్టిగ చెప్పు."