అత్త మాటలో రెండో సగం

బావకి సెలవు మంజూరైందని తెలిసిన రోజే అత్త పెరట్లోకి వెళ్ళి, పనసచెట్టు మొదట్లో వేలాడుతున్న పెద్ద కాయకి తన పాత చీర పీలిక కట్టింది. మా ఉద్దానంలో అది ఉన్నదే. ఎవరికోసమైనా కాయ అట్టేపెట్టాలంటే పీలిక కడతారు. ఇక దాని జోలికి ఇంట్లోవాళ్ళూ వెళ్ళరు, ఊళ్ళోవాళ్ళూ వెళ్ళరు. బావ నాకు మేనత్త కొడుకు, ఆనక మొగుడు. సైన్యంలో పనిచేస్తాడు. అత్తకి ఒక్కడే కొడుకు. మావయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఆ జబ్బు తొక్కని వీధి లేదు.

కాయ ముదురుతుండగా సరిహద్దులో గొడవ మొదలైంది. సెలవులన్నీ రద్దు చేశారు. బావ ఫోన్ చేసి, "కాయ కొయ్యకండి. నానొచ్చి కోత్తాను," అన్నాడు. నేను సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక అతని లుంగీ మడత విప్పి మళ్ళీ మడత పెట్టాను. ఉతికిన లుంగీలో మనిషి వాసనేం ఉంటుంది? అయినా వెతుక్కున్నాను.

నేను పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. మా షెడ్డులో ఓనరు పెట్టించిన టీవీ ఉంది. మామూలప్పుడు సీరియళ్ళు. అందులో కోడళ్ళు ఏడుస్తుంటే మేం పొట్టు తీస్తాం, చేతులు ఆగవు. ఆ రోజుల్లో మాత్రం పొద్దస్తమానూ వార్తలే. స్టూడియోలో సైరన్ మోగించేవారు. కోటు వేసుకున్న పెద్దమనిషి బల్ల గుద్ది, పక్క దేశం రేవు తగలబడిపోయిందన్నాడు. మర్నాడు ఏకంగా రాజధానే మన చేతికి వచ్చేసిందన్నాడు. షెడ్డులో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రాజధాని వచ్చేస్తే బావ కూడా వచ్చేస్తాడు కదా అని నా ఆశ.

సాయంత్రం బావ ఫోన్ చేసి, "అక్కడ టీవీలో ఏటి సెప్తన్నారే?" అని అడిగాడు.

"రాజధాని తీసేసుకున్నారంట కదా బావా?"

"మేవా?" అని నవ్వాడు. "మాకు నిన్నట్నుంచి నీళ్ళ బండే రాలేదు."

ఆ నవ్వు విన్నాక నాకు టీవీ మీద ఒళ్ళు మండిపోయింది. యుద్ధం చేసేవాడు ఏం జరుగుతోందని ఇంటికి ఫోన్ చేసి అడుగుతున్నాడు. చల్లని గదిలో కూర్చున్నవాడికి మాత్రం అన్నీ తెలుసు. ఎందుకు మొదలెట్టారో పెద్దవాళ్ళు ఉపన్యాసాల్లో చెప్పారు సరే, ఎక్కడిదాకా వెళ్తారు, ఎంతమందిని పోగొట్టుకుంటారు, చివరికి ఏం తెస్తారు అని ఒక్క విలేకరి నోరు విప్పి అడగలేదు. ఇంటి దగ్గర మేం అడిగితే దేశం మీద ప్రేమ లేదంటారు. నా ప్రేమ అంతా అక్కడే బంకర్లో కూర్చుని ఉందని వాళ్ళకేం తెలుసు!

తర్వాత కెమెరా మా ఇంటికే వచ్చింది. మావయ్య జబ్బుతో తీసుకుంటున్నప్పుడు ఈ గుమ్మం తొక్కిన కెమెరా లేదు. అత్తని పనసచెట్టు కింద నిలబెట్టి, చేతికి జెండా ఇచ్చి, "అమ్మా, ఇంకో కొడుకు ఉంటే పంపుతారా?" అని అడిగాడు విలేకరి.

"పంపుతాను బాబూ, ఎందుకు పంపనూ," అంది అత్త. "పొలానికి పంపుతాను. జీడితోటకి పంపుతాను. అక్కడికి మాత్రం పంపను."

నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. టీవీలో మాత్రం "ఎందుకు పంపనూ" దగ్గరే ఆపేశారు. వెనక డప్పులు, ముందు జెండా, కింద వీరమాత అని పెద్ద అక్షరాలు. మర్నాటికల్లా కుర్రాళ్ళు జంక్షన్లో అత్త ఫొటోతో ఫ్లెక్సీ కట్టేశారు. మందస నుంచి కూడా బంధువులు వచ్చి దండం పెట్టి వెళ్ళారు. అత్త బిత్తరపోయి అందరికీ టీ ఇచ్చింది.

విలేకరికి ఫోన్ చేసి మిగతాది వెయ్యమని అడిగాను. "అది వేస్తే మీ అత్తగారికే చెడ్డపేరమ్మా," అన్నాడు, ఎంతో దయగా.

ఆ వీడియో బావ దాకా వెళ్ళింది. "ఇంకో కొడుకుంటే పంపుతానన్నాదంట కదా అమ్మ. ఇక్కడ అందరూ సూసేరు, మెచ్చుకున్నారు," అన్నాడు. చివర్న, "మంచిదేలే," అన్నాడు.

బావ 'మంచిదేలే' అన్నాడంటే మనసు నొచ్చుకున్నట్టే. నాకు తెలుసు. "అది కాదు బావా, మిగతా మాట..." అంటుండగానే లైన్ పోయింది. మళ్ళీ కలవలేదు.

అత్తకి చెప్తే అరుగు మీద కూలబడింది. "నమ్మీసినాడా?" అంది. మళ్ళీ తనే, "ఆడికేటైనా అయితే ఆ మాట మీదే పోతాడు కదే. అమ్మే పంపీసినాది అనుకుంటా పోతాడు," అంది. ఆ రోజు నుంచి ఫోన్ కొంగున కట్టుకునే తిరిగింది. టీవీ పెట్టనివ్వలేదు. నేను షెడ్డులో చూసి వచ్చింది చెప్పబోయినా చెవులు మూసుకునేది.

ఒక సాయంత్రం పోరు ఆగిపోయిందన్నారు. ఎందుకు ఆపారో ఎవరూ చెప్పలేదు. టీవీలో కోటు పెద్దమనిషి ముఖం చూడాలి, పెళ్ళి చెడిపోయినట్టు పెట్టాడు. ఇంకొంచెం కొట్టాల్సిందట! ఆయన్నీ ఆయన బల్లనీ కలిపి బావ పక్కన కూర్చోబెట్టి రావాలనిపించింది. వారం తిరక్కుండా టీవీలో ఎవరో సినిమావాళ్ళ విడాకులు మొదలయ్యాయి. షెడ్డులోకి సీరియళ్ళు వచ్చేశాయి. బావ దగ్గర్నుంచి మాత్రం ఫోన్ రాలేదు, సెలవులూ తెరవలేదు.

కాయ పండింది. పెరడంతా వాసన. ఆ వాసనకి నాకు అన్నం సహించేది కాదు. తొనలు ఒలిచి నా నోట్లో పెట్టి, జిగురు వేళ్ళు నా చెంపకి పూసే మనిషి కావాలి నాకు. కోసేద్దామా అంటే, ఆడే కోత్తానన్నాడు కదే అనేది అత్త. చివరికి కాయ తనంత తానే రాలి పగిలింది. తొనలు వీధివాళ్ళకి పంచేసి, అత్త పిక్కలు కడిగి ఆరబెట్టి కుండలో ఇసక పోసి దాచింది. వానాకాలం పులుసులోకి అలా దాచుకోవడం మాకు అలవాటే.

తొలి వాన పడ్డాక ఫోన్ మోగింది. బావ "హలో" అనగానే అత్త నా చేతిలోంచి లాక్కుంది.

"ఒరే, నానన్నది సగమే ఏసినార్రా. పొలానికి పంపుతానన్నాను, తోటకి పంపుతానన్నాను, అక్కడికి పంపనన్నాను. ఇంకో కొడుకు మాటెందుకు, ఇంట్లో తిండుంటే నిన్నే పంపకపోదును."

స్పీకర్లో ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత బావ అడిగాడు.

"ఈపాటికి కాయ రాలిపోయుంటాది. పిక్కలు ఇసకలోనే పెట్టినావా అమ్మా?"

"ఇసకలోనేరా," అంది అత్త. "పీలిక కుండకి కట్టినాను."