ఇల్లు లేని వాకిలిపలక

మొన్న ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు, పనిలో పనిగా హాలు గోడలకు కాస్త చెక్కపని కూడా చేయిద్దామని మావారికి బుద్ధి పుట్టింది. మదనపల్లెలో ఇప్పుడు దీనికోసమే అంగళ్లున్నాయి. అక్కణ్నుంచి ఒకతను వచ్చి సంచిలోంచి జానెడేసి నమూనా ముక్కలు తీసి టీపాయి మీద వరసగా పరిచాడు. ఇది గోడ అడుగున వేసేదట, ఇల్లు తుడిచినప్పుడు తడిగుడ్డ మరకలు గోడకంటకుండా. ఇది నడుమెత్తున వేసేదట, కుర్చీ వీపు గోడకు ఆనకుండా. ఇది తలుపు చుట్టూ, ఇది కప్పూ గోడా కలిసేచోట. చూపుకు అన్నీ టేకే. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, గోరుతో గీరితే ప్లాస్టిక్కు. మేకులూ స్క్రూలూ ఏమీ అక్కర్లేదు, జిగురుతో అంటించేస్తామన్నాడు. మరి తీయాలంటే ఎట్లా అని అడిగాను. తీయడమెందుకు మేడం అని అతను నవ్వాడు, మావారూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటి చెక్కపనిని దెబ్బ తగలకుండా ఊడదీయడం ఒక విద్య అనీ, ఆ విద్యలో మా పిన్నమ్మను మించినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేరనీ వాళ్లకు చెబితే మాత్రం ఏమర్థమవుతుంది!

పిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. తొంభైల మొదట్లో నేను డిగ్రీ చదివింది మదనపల్లెలో, ఆమె ఇంట్లో ఉండే. ఇల్లు అన్నాను గానీ అది అద్దె ఇల్లు. చిన్నాయనది ప్రభుత్వ ఉద్యోగం, ఎప్పుడు ఏ ఊరికి వేస్తారో తెలీదు. పెళ్లయిన కొత్తల్లో ఆయన, వచ్చే ఏడు ఇల్లు కడతానని మామగారి ముందు ఒక మాట అన్నాడట. మా తాతది పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లె, మెట్టసేద్యం. ఎవరైనా మాటంటే దాన్ని నమ్మేసే మనిషి. అల్లుడు అన్నదే తడవుగా బావిగట్టున ఉన్న టేకుమాను కొట్టించి, ఆరబెట్టించి, వడ్రంగి ఆచారిని ఇంటి ముందర కూర్చోబెట్టి, కూతురి కొత్తింటికి కావలసిన సింగారమంతా చేయించేశాడు. వాకిలి పైన పెట్టే చెక్కడపు పలక, దాని నడుమ కలశం, కలశానికి రెండు పక్కలా చిలకలు, చిలకల ముక్కుల్లోంచి సాగిన పూలతీగ. గోడలకు పట్టీలు. కిటికీ తెర వేలాడే కమ్మీ కనబడకుండా పైన మూసే పెట్టెలు. అన్నీ వచ్చాయి, ఇల్లొక్కటే రాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ చెల్లెల్ని ఆటపట్టించేది. దేనికైనా పకపకా నవ్వే పిన్నమ్మ ఆ ఒక్క మాటకు మాత్రం నవ్వేది కాదు.

ఇల్లు లేదు గదా అని సింగారాన్ని అటకెక్కించే రకం కాదామె. అద్దె ఇంటికే తగిలించింది. అద్దెకుండినవాళ్లకు తెలుసు, ఇంటివాళ్లు చెప్పే మొదటి మాటే గోడకు మేకు కొట్టగూడదని. పిన్నమ్మ దానికొక ఉపాయం పెట్టుకుంది. గోడలో అక్కడక్కడా చిన్న కొయ్యముక్కలు దిగగొట్టించి, వాటికి పట్టీని స్క్రూలతో బిగించేది. ఇక దేవుడి పటాలూ, తాత ఫోటో, క్యాలెండరూ, నా ఎన్.సి.సి. టోపీ, అన్నీ ఆ ఒక్క పట్టీకే వేలాడాలి. దాన్ని పటాలపట్టీ అనేది. దానికింద నడుమెత్తున ఇంకో పట్టీ. కుర్చీని వెనక్కి వాల్చి రెండు కాళ్లమీద ఊగుతూ పేపరు చదవడం చిన్నాయనకు అలవాటు. ఆ పట్టీయే లేకుంటే గోడ సున్నమంతా ఆయన చొక్కాకే ఉండేది. వాకిలి పైన మాత్రం చిలకల పలక. శుక్రవారం వస్తే నువ్వులనూనెలో గుడ్డ తడిపి నా చేతికిచ్చేది, తీగ సందుల్లో దుమ్ము తీయడానికి ఒక పాత పళ్లబ్రష్షు. ఆ నూనె వాసన, టేకు వాసన, లోపల్నుంచి సాంబ్రాణి పొగ, ఇప్పటికీ నాకు శుక్రవారమంటే అవే. కొత్తగా వచ్చినవాళ్లు తలెత్తి ఆ పలక చూసి సొంతిల్లేమో అనుకునేవాళ్లు. అడిగితే పిన్నమ్మ తడుముకోకుండా జవాబు చెప్పేది.

"ఇల్లు వాళ్లది, వాకిలి మాది."

ఆ మాటలో ఎంత బింకముండేదో అంత బాధా ఉండేదని నాకు పుంగనూరికి బదిలీ అయినప్పుడు తెలిసింది. ఎవరైనా ఇల్లు మారేటప్పుడు ముందు సామాన్లు సర్దుతారు. పిన్నమ్మ సామాన్లను మాకు వదిలేసి, కొంగు బిగించి, స్టూలెక్కి స్క్రూలు తీయడానికి కూర్చునేది. తుప్పు పట్టకుండా వాటికి ఏటేటా నూనె పెట్టేది కాబట్టి అవి బుద్ధిగా ఊడి వచ్చేవి. గోడ బొక్కల్లో సున్నం నింపి, వేలితో నున్నగా రుద్ది, దూరంగా నిలబడి చూసుకునేది. కొత్త ఊళ్లో అద్దె ఇంటికి చేరగానే అందరూ పాలు పొంగిస్తారు. మా వాళ్లింట్లో పలక ఎక్కాలి, దానికి మామిడాకులు కట్టాలి, ఆ తర్వాతే పొయ్యి మీదికి పాలు.

పుంగనూరింటి వాకిలి ఇరుకు. పలక రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి, పసిపిల్లవాడికి పెద్ద తలపాగా చుట్టినట్లుండేది. చిలకల తోకలు రెండువైపులా కాస్త కోస్తే సరిపోతుందని అక్కడి ఆచారి సలహా చెబితే, అతని చేతిలోని రంపం లాక్కుని దాచేసింది పిన్నమ్మ. ఇంటివాళ్లు ముందు భాగంలోనే ఉండేవాళ్లు, అందరికీ అదొకటే వాకిలి. ఆ ఇంటి పెద్దాయన పొద్దుటిపూట సరిగ్గా ఆ పలక కిందే పీట వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు చిలకలను చూపించేవాడు, ఏదో తనే చెక్కినట్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన పోయాడు. ఆయన్ను ఆ వాకిట్లోంచే తీసుకుపోయారు. సొంత తండ్రి పోయినట్లే ఏడ్చింది పిన్నమ్మ. కొన్నాళ్లకు ఆయన కొడుకులు ఇల్లు అమ్ముకున్నారు, మళ్లీ స్టూలు, మళ్లీ స్క్రూలు. నాకప్పటికి పెళ్లయి మదనపల్లెలోనే కాపురం. సాయానికని వెళ్లాను. పలకను దించి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీదే కూర్చుండిపోయింది. నేను చెయ్యి చాపినా ఇవ్వలేదు.

"నాకు మేడలొద్దు, మిద్దెలొద్దమ్మా. దీన్ని ఒగసారి పెట్టినాక మళ్లా దించే పని లేని గోడొకటి సాలు."

చిన్నాయన పక్కగదిలో పుస్తకాలు కడుతున్నాడు. విన్నాడు, దగ్గాడు. ఆయన పిసినారి కాదు, భార్య మీద ప్రేమ లేనివాడూ కాదు. భయం. వాళ్ల నాయన కురబలకోట దగ్గర ఇల్లు మొదలుపెట్టి పునాదుల దగ్గరే ఆపేశాడట. ఆ పునాదుల్లో ఊరివాళ్లు గొర్రెలు తోలేవాళ్లట. బడికి పోతూ వస్తూ ఆ గొర్రెలను చూసిన పిల్లవాడు పెద్దవాడై ఇంటి మాటెత్తితే చాలు, ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అని తప్పించుకునేవాడు. ఆ రోజు మాత్రం ఆ సామెత చెప్పలేదు.

కుప్పం ఆయన ఆఖరి బదిలీ. అక్కడికి వెళ్లిన ఏడాదికి, ఎవరితోనూ చెప్పకుండా ఊరి చివర స్థలం చూసి వచ్చాడు. స్థలం ఆసామిది రామకుప్పం వైపు పల్లె. రిజిస్ట్రేషనుకు రావలసిన రోజున రాలేదు. ఏనుగులు రాగిచేలో పడ్డాయి, కాపలా ఉన్నానని కబురు పంపాడు. ఆఖరికి ఏనుగుల కన్ను కూడా నా ఇంటిమీదనే పడిందని పిన్నమ్మ నాకు ఫోనులో మొరపెట్టుకుంది. ఏనుగులు అడవికి పోయాయి, స్థలమూ వచ్చింది. సగం తెలుగు, సగం తమిళం మాట్లాడే మేస్త్రీ వాకిలి కొలత అడిగితే, పిన్నమ్మ పలకను తెచ్చి అతని ముందు పెట్టింది. లోకంలో వాకిలిని బట్టి పలక చేయించుకుంటారు. మావాళ్లు పలకను బట్టి వాకిలి పెట్టారు, వాకిలిని బట్టి గోడ జరిపారు, గోడ జరగడంతో వంటగది చిక్కిపోయింది. ఇరుకైతే నేనే గదా వండేది అంది పిన్నమ్మ.

గృహప్రవేశానికి ముందే వచ్చి తోడుగా ఉండమంటే, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులు మారి కుప్పం చేరాను. కురబలకోట నుంచి చిన్నాయన వాళ్లక్క కూడా వచ్చి ఉంది. చేతికి ఎముక లేని మనిషి, నోటికి అడ్డూ లేని మనిషి. తమ్ముడికి ఆమె ఎంత చెబితే అంత. ఆ పొద్దున ఆచారి పలకను వాకిలికి ఆనించి చూసుకుంటున్నాడు. తాత కొలిచి పెట్టినట్లు అంగుళం తేడా లేకుండా కుదిరింది. అప్పుడే ఆమె కాఫీ గ్లాసుతో బయటికొచ్చి, తలెత్తి చూసి, ఇది మీ అద్దెకొంపల్లో ఉండిందే గదా అని అడిగింది. పిన్నమ్మ సంతోషంగా అవునంది.

"పాతకొయ్య కొత్తింటి వాకిలికి పనికిరాదమ్మా. ఆ పుంగనూరాయన పోతే శవాన్ని దీనికిందనే గదా తీసకపోయినారు? దాన్ని తెచ్చి ఈడ పెడతావా?"

ఆ మాటతో ఆచారి చేతులు ఆగిపోయాయి. పలకను మెల్లగా దించి, చిలకల ముఖాలు గోడవైపు తిప్పి ఆనించాడు. తమవాళ్లలో కూడా ఒకింటి కొయ్య ఇంకో ఇంటి వాకిలికి వాడరని గొణిగాడు. కొత్త పలక తానే బెంగుళూరు నుంచి తెప్పిస్తాననీ, ఆ ఖర్చంతా తనదేననీ ఆమె అంటోంది. ఆమె మనసులో కల్మషమేమీ లేదు, తమ్ముడి ఇల్లు చల్లగా ఉండాలనే ఆమె తాపత్రయం, అదే వచ్చిన చిక్కు. చిన్నాయన అక్కవైపు చూశాడు, భార్యవైపు చూశాడు, నేలచూపులు చూశాడు. ఇన్నేళ్లు మోసి, ఒక్క రంపపు గాటు పడకుండా కాచి, ఇల్లే దాని కొలతకు కట్టించుకుంటే, వాకిట్లోకొచ్చి ఆగిపోవడమా? పిన్నమ్మ పోట్లాడుతుందనుకున్నాను. ఆమె వంగి, పలకను తిప్పి, చిలకల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. గొంతు పెంచకుండా అంది.

"పాతదెట్లయితాది వదినా? అవన్నీ ఎవురెవురివో ఇండ్లు. ఇది ఇంకా దాని ఇంటికి రానే లేదు గదా."

వదినగారి చేతిలో కాఫీ చల్లారిపోయింది. వాళ్ల నాయన ఆపేసిన ఇంటి పునాదుల్లో గొర్రెలను చూసిన మనిషే గదా ఆమె కూడా. కాసేపటికి గ్లాసు గడప పక్కన పెట్టి, బకెట్టులో పసుపునీళ్లు కలుపుకు రమ్మని నన్ను పురమాయించింది. పసుపుతో కడిగితే పోని మైల ఏముందిలే అని తనకు తనే చెప్పుకుంటూ, తీగ తీగా తనే కడిగి, కలశానికీ రెండు చిలకలకూ కుంకుమబొట్లు పెట్టింది. పెట్టి, పిన్నమ్మ నొసటన కూడా ఒకటి పెట్టింది. పిన్నమ్మ అప్పుడు ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఆచారి పలకనెత్తి, పాత బొక్కల్లోకే స్క్రూలు తిప్పబోయాడు. పిన్నమ్మ వద్దంది. మేకులు కొట్టమంది. ఎండిన పాతకొయ్య, మేకుకు తట్టుకోదని అతను చెప్పి చూశాడు, చిన్నాయనా చెప్పాడు. వినలేదు. మొదటి రెండూ బాగానే దిగాయి. మూడోదానికి టప్పుమని ఎడమ చిలక రెక్కనుంచి తోకదాకా పగులు వచ్చింది. ఆచారి సుత్తి పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. తీగలో దుమ్ముంటేనే నన్ను కోప్పడే పిన్నమ్మ ఏమంటుందోనని నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె ఆ పగులును చూసి, చాలా ఏళ్ల తర్వాత, పకపకా నవ్వింది.

"పగిల్తే పగల్నీలేప్పా. ఇంక యాడికీ పోయేది లేదు గదా."

పిన్నమ్మ ఇప్పటికీ ఆ వాకిట్లోంచే సంచి పట్టుకుని కూరగాయలకు బయల్దేరుతుంది. ఆ పగులును పూడ్పించలేదు. దాన్ని చూసినప్పుడల్లా, మనుషులను ఊరూరూ తిప్పి అలిసిపోయిన కాలం కూడా ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరి వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వస్తుందేమోననిపిస్తుంది నాకు.