మూడో కణుపు

చాట్రాయి నుంచి నూజివీడు వెళ్లే బస్సులో కూర్చుని ఒక ఇంగ్లీషు మాటను నములుతున్నాను. ఫైటోశానిటరీ. ఎగుమతి చేసే మామిడికాయలకు పురుగూ తెగులూ లేవని ఇచ్చే సర్టిఫికెట్ పేరది. కిందటి రైతుల మీటింగులో ఒక ఎగుమతి వ్యాపారి నా చేత పట్టుబట్టి ఆ మాట పలికించాడు. సగంలో తడబడితే, "కాయలు కోసినంత తేలిక కాదమ్మా" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు, మామిడి సొన అంటుకున్న చోటులా, ఇంకా మండుతూనే ఉంది.

పక్క సీట్లో పెద్దావిడ చాలాసేపు విని, "ఎవరి మీదండీ అంత కోపం?" అంది. చెప్పాను.

ఆవిడ నా చెయ్యి తీసుకుని, జపం చేసేవాళ్లలా, వేళ్ల కణుపుల మీద నా బొటనవేలిని జరిపించింది.

"ఫై, టో, శా, ని, ట, రీ. మూడో కణుపు గట్టిగా నొక్కండి, మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి. నొక్కేటప్పుడు మాత్రం వాడి కళ్లలోకి చూడండి."

"మీరు టీచరాండీ?"

"కాదమ్మా. నన్ను చూసి కూడా ఒకడు నవ్వాడు."

పేరు అడిగేలోపే ఆవిడ స్టాపు వచ్చేసింది.

ఆ రోజు నూజివీడు మీటింగులో లేచి మాట మొత్తం పలికాను. మూడో కణుపు దగ్గర ఆ వ్యాపారి కళ్లలోకే చూశాను. "ఇప్పుడు మీరొకసారి అనండి సార్, నేర్చుకుంటాం" అన్నాను. ఆయన రెండో ముక్క దగ్గరే దగ్గాడు. ఈసారి నేనొక్కదాన్నే నవ్వాను.

ఇప్పటికీ నా ముందు ఆయన "ఆ సర్టిఫికెట్" అనే అంటాడు.

"ఏ సర్టిఫికెట్టండీ?" అని ప్రతిసారీ అడుగుతాను.