రూతమ్మగారి బాంబరు

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ప్లంబరు నీళ్ల పైపు కోస్తుంటే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒక శనివారం ఉదయం గుర్తొస్తుంది. ఆ ఉదయం రూతమ్మగారు మూడు నెలలు కూర్చుని తయారుచేసిన ప్లాస్టిక్ బాంబరు విమానాన్ని బల్ల మీద పెట్టి, కురుపాం మార్కెట్లో కంసాలి దగ్గర అడిగి తెచ్చిన సన్నని రంపంతో దాని ముక్కు కోయడం మొదలుపెట్టారు. మర్నాడే ప్రదర్శన. రెక్కలు కదలకుండా నేను పట్టుకున్నాను. "వణక్కు నాయినా. నువ్వు వణికితే అదీ వణుకుతాది," అన్నారు.

ఎనభైల మొదట్లో గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చి ఒక దినపత్రికలో విలేకరిగా చేరాను. పాత పోస్టాఫీసు దగ్గర ఒక మేడ కింద గదిలో అద్దెకు దిగాను. పై వాటా రూతమ్మగారిది. ఆవిడ పోర్టు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన జెట్టీలను, క్రేన్లను పల్చటి గుడ్డ మీద సిరాతో ఎక్కించడం ఆవిడ ఉద్యోగం. యాభై దాటిన మనిషి. ముక్కు చివర కళ్లద్దాలు, ఒళ్లో ఎప్పుడూ ఒక పిల్లి. ఓడలో పనిచేసే మేనల్లుడు సింగపూర్‌లో కొని తెచ్చిన విమానం బొమ్మ పెట్టెను ఆవిడ నాకు మొదటిసారి తెరిచి చూపించిన సాయంత్రం, అందులోని వందల ముక్కలు చూసి నాకు కళ్లు తిరిగాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంనాటి అమెరికా బాంబరు. నాలుగు ఇంజన్లు, మూరెడు రెక్కలు, గోరంత మనుషులు. సూచనల కాగితమంతా జపాను భాషలో ఉంది. బొమ్మలు చూసుకుంటూ పోవడం తప్ప దారి లేదు.

"ఇంకేదైనా చెయ్యొచ్చు కదండీ, బాంబరే ఎందుకు?" అని అడిగాను.

"యుద్ధంలో మన హార్బరు మీద జపానోళ్లు బాంబులేసినప్పుడు నాను పన్నెండేళ్ల పిల్లని. మంచం కింద దూరిపోయేను. ఆ తర్వాత ఏ ఇమానం మోత ఇన్నా మంచం కిందకే. మనదో, ఆళ్లదో, ఏటి తెలుస్తాది? ఎప్పుడూ కిందనుంచి ఇనడమే గానీ, లోపల ఏటుంటాదో సూడలేదు. ఒకసారి సూడాలి గదా."

ఆ మూడు నెలలూ నాకు ఆఫీసు పని అయిందంటే చాలు, మెట్లు రెండేసి ఎక్కేవాణ్ణి. "ఈవేళ ఏం ఎక్కింది?" అని గుమ్మంలోంచే అడిగేవాణ్ణి. "కుడి రెక్క" అనో, "తోక దగ్గర తుపాకీవాడు" అనో జవాబు వచ్చేది. బియ్యపు గింజలంత బాంబులు వరసలో కూర్చున్న రోజున ఇద్దరం వంగి చాలాసేపు చూశాం. ప్రతి ముక్కనూ జిగురు లేకుండా రెండుమూడుసార్లు పెట్టి చూసి, అప్పుడే అతికించేవారు. నేను తొందరపెడితే, "మీ గోదారోళ్లకి తిండి దగ్గరే ఓపిక," అనేవారు.

ఇంతలో మా వీధి చివర చర్చి హాల్లో హాబీల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. రూతమ్మగారు పేరిచ్చారు. గురువారం సాయంత్రం విమానానికి చక్రాలు అతికించి, వెల్లకిలా పడుకోబెట్టారు. ఒక రోజంతా ఆరాలి. అదే సాయంత్రం మా డెస్కులో మూడో పేజీకి ఒక చిన్న వార్త తక్కువైంది. నేను రాసిచ్చేశాను. "నాలుగు ఇంజన్ల బాంబరు మూడు చక్రాలపై ఠీవిగా నిలిచి చూపరులను ఆకట్టుకుంటోంది" అని. అప్పటికి చూపరులంటే నేనూ, ఆవిడ పిల్లీ. విమానం అసలు నిలబడనే లేదు. శుక్రవారం ఉదయం ఊరంతా ఆ వార్త చదివింది. పోర్టు ఆఫీసులో ఇంజనీర్లు కూడా ఆదివారం వస్తామన్నారట.

శుక్రవారం సాయంత్రం ఆవిడ విమానాన్ని తిప్పి బల్ల మీద పెట్టి చెయ్యి తీశారు. తోక టప్పున కిందకు వాలింది. ముక్కు పైకి లేచింది. అచ్చం వాకిట్లో కుక్క కూర్చున్నట్టు కూర్చుంది. మళ్లీ పెట్టారు. మళ్లీ కూర్చుంది.

"పేపరాయనా, నీ ఠీవి సూడు," అన్నారు రూతమ్మగారు.

ఆవిడ తన డ్రాయింగ్ రబ్బరు తీసి విమానం ముక్కు మీద పెట్టారు. తోక లేచి, ముందు చక్రం బల్లకు ఆనింది. రబ్బరు తీస్తే మళ్లీ పాత కథే. ముక్కు అతికించక ముందే లోపల బరువు పెట్టాలన్నమాట. ఆ సంగతి జపాను అక్షరాల్లో ఎక్కడో ఉండి ఉంటుంది.

"తోక కింద చిన్న పుల్ల పెడదామండీ. ఎవరికీ కనపడదు."

"కర్ర ఊతమిస్తే నిలబడినట్టా? ఊరికి నిలబడిందని సెప్పేవు కదా. నిలబెట్టాలి మరి."

ఎదురింట్లో వలలు బాగుచేసే అప్పలరాజును పిలిచారు. వల అంచుకు కట్టే సీసం గుళ్లు కావాలంటే అతను నవ్వాడు. "సీసం ఏస్తే వల ములుగుతాది గానీ ఇమానం లెగుస్తాదేటమ్మా?" అంటూనే గుప్పెడు తెచ్చి పోశాడు.

శనివారం ఉదయం కోత అలా మొదలైంది. ముక్కు ఊడి వచ్చినప్పుడు లోపలున్న చిన్న మనిషి కూడా రెండు ముక్కలయ్యాడు. "ఈడికి సెలవిచ్చీసేం," అని ఆవిడ అతన్ని పక్కన పెట్టి, ఆ ఖాళీలో సీసం గుళ్లు ఒక్కొక్కటే కూరారు. ముక్కు తిరిగి అతికించి, మిగిలిన ప్లాస్టిక్ ముక్కల్ని జిగురులో కరిగించి అతుకు మీద పూసి ఆరబెట్టారు. ఆఫీసులో తప్పు గీతను గోకేందుకు వాడే సగం బ్లేడుతో మధ్యాహ్నమంతా నునుపు చేసి, రంగు వేశారు. పొద్దు వాలుతుండగా, అప్పలరాజూ నేనూ చూస్తుంటే, విమానాన్ని దించి చెయ్యి తీశారు. మూడు చక్రాలూ బల్ల మీద ఉన్నాయి. ఆవిడ బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచారు. ఇంజన్ల పంఖాలు ఊగాయి గానీ తోక కదల్లేదు. అప్పలరాజు ఈల వేశాడు. నేను ఆ గదిలో గెంతాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తర్వాత ఆవిడ విమానాన్ని తిరగేసి, పొట్ట మీద నల్ల సిరాతో "రివిజన్ ఎ" అని రాసి, తేదీ, పొడి సంతకం పెట్టారు. డ్రాయింగ్ ఆఫీసులో గీసిన నక్షాలో ఏ మార్పు చేసినా మూలన అలా రాయాలట. ఎప్పుడు, ఎవరు మార్చారో తర్వాతివాళ్లకు తెలియాలట. ఆదివారం న్యాయనిర్ణేత అది చదివి ఏమిటని అడిగితే, ఇంజనీర్ల ముందే తన పొరపాటు అంతా చెప్పారు. రెండో బహుమతి వచ్చింది. మొదటిది అగ్గిపుల్లలతో కట్టిన లైట్‌హౌసుకు పోయింది.

సోమవారం మెట్ల దగ్గర నన్ను ఆపారు. "నాది రాసేను. నీ రివిజన్ ఏదీ?"

డెస్కులో అడిగాను. "ఇప్పుడు నిలబడే ఉందిగా, ఇంక సవరణ దేనికయ్యా?" అన్నారు మా ఇన్‌చార్జి. ఆ మాట ఆవిడకు చెప్పాను. "నువ్వు రాసిన్నాడు నిలబడలేదు గదా," అన్నారు. రెండు మాటలూ నాకు సబబుగానే అనిపించాయి.

తర్వాత ముప్పై ఏళ్లు పత్రికల్లో ఉన్నాను. మంత్రి రిబ్బను కత్తిరించక ముందే "ప్రారంభించారు" అని రాసిచ్చిన కుర్ర విలేకరులను వెనక్కి పంపాను. తప్పు పడితే మర్నాడే సవరణ వేయించాను. అందుకు నన్ను ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. నేనే డెస్కు చూసిన రోజుల్లో ఒకసారి పాత పేపర్ల సంపుటి తెప్పించి ఆ శుక్రవారం మూడో పేజీ తీశాను. సవరణ రాయడానికి కూర్చుని, ఏమని రాయాలో తెలియక మూసేశాను. రూతమ్మగారు అప్పటికే పోయారు. ఆ వార్తకు ఇవాళ్టికీ సవరణ పడలేదు.