ఇంజిన్ బంద్ బరాత్

బోధన్‌లో రాజలింగుకు ఉన్నది ఒకటే రోగం. కళ్లముందు పెట్రోలు కాలుతుంటే తన ఒంట్లో రక్తం కారిపోతున్నట్టు గిలగిలలాడేవాడు. ఎవరు కొత్త బండి కొన్నా మంచిదనేవాడు కాదు, "లీటరుకెంతిస్తది?" అనేవాడు. ఒకసారి ఎవరిదో చావుకు పోయి, శవాన్ని తీసుకుపోయే బండి డ్రైవరును పక్కకు పిలిచి అదే మాట అడిగాడు. ఏడుస్తున్నవాళ్లు కాసేపు ఏడుపు ఆపి జవాబు కోసం చూశారు.

అలాంటి మనిషి పైకప్పు మడుచుకునే ఎర్ర జర్మనీ కారు కొన్నాడంటే సగం తప్పు అతని బామ్మర్ది పరమేశ్వర్‌ది. పరమేశ్వర్‌కు నిజామాబాద్‌లో టెంట్‌హౌస్ ఉంది. "ఇప్పటి పెండ్లికొడుకులు గుర్రమెక్కుతలేరు బావా, టాప్ లేని కారు అడుగుతున్నరు" అని ఆశపెట్టింది అతనే. హైదరాబాద్‌లో దివాలా తీసిన ఒక బిల్డరు దగ్గర చెరిసగం వేసుకుని కొన్నారు. తీరా ఇంటికి తెచ్చాక గానీ దాని గుణాలు బయటపడలేదు. దానికి మామూలు పెట్రోలు గిట్టదు. సుస్తీ చేస్తే హైదరాబాద్ పోవాలి. ముందు దీపం ఒకటి పగిలితే జత ఎడ్లను అమ్ముకోవాలి. గిరాకీ చూస్తే ఏడాదికి నాలుగు ముహూర్తాలు. అసలే టెంట్‌హౌస్ అంతంతమాత్రం. అప్పటినుంచి పరమేశ్వర్ ముఖం ముసురు పట్టిన ఆకాశంలా ఉండేది.

రాజలింగు మాత్రం ఆ కారు చేత పెట్రోలు మాన్పించాలని కంకణం కట్టుకున్నాడు. నిజాంసాగర్ కాలువ వంతెన ఎక్కగానే ఇంజిన్ ఆపేవాడు. కారు దొర్లినంత దూరం దొర్లి ఎవరి పొలం పక్కనో ఆగేది. ఎండలో ఏసీ వేయమంటే, "టాప్ లేని కారుకు ఏసీ ఎందుకు, ఊరందరికి సల్లగ జేస్తవా?" అనేవాడు.

ఒక శ్రావణంలో ఇద్దరూ బోధన్ నుంచి నిజామాబాద్ పోతుంటే వాన మొదలైంది.

"బావా, టాప్ ముయ్యి. తడుస్తున్న."

"ముయ్యాలంటె మోటర్ తిరగాలె. మోటర్‌కు బ్యాటరీ, బ్యాటరీకి ఇంజిన్, ఇంజిన్‌కు పెట్రోల్. ఆడికి పొయినంక మల్ల తెరవాలె. నువ్వు తడిస్తె ఆరుతవ్. పెట్రోల్ ఆరిపోతె మల్ల వస్తదా?"

పరమేశ్వర్ గొడుగు విప్పాడు.

"గొడుగు ముయ్యి! గాలికి అడ్డం పడ్తున్నది, మైలేజ్ పడిపోతది!"

పరమేశ్వర్ గొడుగు మూసి, వానలో తడుస్తూ, ఆ బిల్డరు ఎందుకు దివాలా తీశాడో తలపోసుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, పెళ్లి ఊరేగింపు బరాత్ ఒక ఎత్తు. బ్యాండు వెనక కారు నడిచే వేగానికి పెట్రోలు నీళ్లలా పోతుందని రాజలింగు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంజిన్ బంద్. వెనక నలుగురు మనుషులు తోస్తారు. నలుగురూ ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో అతనితో పనిచేసినవాళ్లే. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. దాని చిమ్నీ పొగ లేకుండా ఊరి మీద ఊరకే నిలబడి ఉంటుంది. రాజలింగు పసుపు చేను ఉండబట్టి నిలదొక్కుకున్నాడు. మిగిలినవాళ్లకు చేను లేదు, ఇంకో పని చేతకాలేదు. పొద్దంతా చాయ్ హోటల్ ముందు కూర్చుని మూసిన గేటు వైపు చూసేవాళ్లు. వాళ్లకు టెంట్‌హౌస్ నుంచి వడ్డనవాళ్ల ఎర్ర కోట్లు తొడిగించాడు.

అఖిలేష్ అనే కుర్రాడి బరాత్‌లో పిల్లనిచ్చిన మామ లబలబలాడాడు. "బండి ఖరాబైందా ఏందయా? పెండ్లికొడుకును తోసుకుంట తెస్తున్నరు!"

"ఖరాబ్ గాలె పటేలా, బంద్ జేసిన. బరాత్ల లీటరుకు రెండు కిలోమీటర్లు గూడ రాదు."

సీటు మీద కూర్చున్న అఖిలేష్ వంగి బతిమాలాడు. "అన్నా, దోస్తులు వీడియో తీస్తున్నరు. ఇజ్జత్ పోతది. ఒక్కసారన్న ఇంజిన్ సౌండ్ జెయ్యి."

రాజలింగు స్టీరింగు పట్టుకుని, బుగ్గలు పూరించి, నోటితోనే "బ్రూ...మ్" అన్నాడు.

ఆ మర్నాడు కూలి పంచుతున్నప్పుడు పరమేశ్వర్ చెయ్యి ఆగిపోయింది. నలుగురి కూలిలో సగం పెడితే బరాత్ మొత్తానికి పెట్రోలు వస్తుంది. పైన నలుగురి భోజనాలు వేరే. మండిపడుతూ బోధన్ పోయాడు. బావ చేనుకు పోయాడు, అక్క రేణుకమ్మ పసుపు కొమ్ములు ఏరుతోంది.

"అక్కా, బావకు లెక్క రాదా? పెట్రోల్ మిగిలిస్తున్న అనుకుంట డబల్ ఖర్చు జేస్తున్నడు!"

"నీకన్న మంచిగనే వస్తది" అంది రేణుకమ్మ తలెత్తకుండా. "కారు తోసే సాయన్న లేడా, ఆయన పెండ్లాం సచ్చిపొయినంక ఆ ఇంట్ల పొయ్యి ముట్టలేదని తెలిసి మీ బావ బియ్యం బస్తా పంపిండు. సాయన్న దాన్ని నెత్తి మీద పెట్టుకొని తెచ్చి మా కడప కాడ దించిపోయిండు. 'అడుక్కునే దినం ఇంక రాలె లింగూ' అన్నడు. ఆ దినం మీ బావ బువ్వ తినలె. మల్ల వారానికే ఈ తోసుడు మొదలువెట్టిండు."

పరమేశ్వర్ అక్క ఇచ్చిన చాయ్ తాగి, బావ వచ్చేదాకా ఆగకుండానే తిరిగిపోయాడు.

కార్తీకంలో ఇంకో బరాత్ వచ్చింది. సన్నటి చినుకులు, గొంతు పూడిన బ్యాండు. ఆ నలుగురిలో పెద్దవాడు సాయన్న. కారు డిక్కీ మీద చేతులు ఆనించి, దగ్గు తెర తగ్గాక పక్కన నడుస్తున్న పరమేశ్వర్‌ను పిలిచాడు.

"పరమేషూ, నాకు పానం మంచిగుంటలేదురా. మానుకుందమంటె, పాపం ఈ కారుతోని లింగు ఏడ దివాలా తీస్తడోనని వస్తున్న. నిజంగనే గంత తాగుతదా ఇది?"

టెంటు గుడ్డను జానెడు కూడా తప్పు కొలవని మనిషి పరమేశ్వర్. ముసలాయన తడిసిన ఎర్ర కోటును ఒకసారి చూశాడు.

"లీటరుకు ఒక్కటే కిలోమీటర్ కాకా. నువ్వు రాకుంటె మేమిద్దరం బజార్ల వడ్తం."

"నాకెర్కే" అన్నాడు సాయన్న. ఆ ముఖంలోకి బలం వచ్చింది.

రాజలింగు బ్రేకు వేసి దిగాడు. "సాయన్నా, నువ్వు ఎక్కి స్టీరింగ్ పట్టు. రోడ్డు సీదానే ఉన్నది."

"నేనా? ఎందుకురా?"

"నేను బరువున్న. నువ్వు పుల్లలెక్క ఉన్నవ్. బరువు తగ్గితె కారు తేలికగ దొర్లుతది."

సాయన్నకు ఆ లెక్క నచ్చింది. ఎక్కి, కోటు సర్దుకుని, నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. రాజలింగు వెనక్కి వచ్చి అతని చోట చేతులు ఆనించాడు. పరమేశ్వర్ కూడా చొక్కా చేతులు మడిచి పక్కన నిలబడ్డాడు. కారు కదిలింది.

పది అడుగులు పోయాక రాజలింగు రొప్పుతూ బామ్మర్ది చెవిలో గొణిగాడు.

"ఒకటి గాదు, ఒకటిన్నర. అబద్ధమైనా లెక్క మీద చెప్పాలెరా."