చూరులోంచి లేచిన పొగ

ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరాన ఒక చిన్న ఊళ్ళో, కౌన్సిల్ వారి మురుగునీటి శుద్ధి కేంద్రంలో నేను ఇంజనీరును. దేశానికి అవతలి కొసన పియారా వాటర్స్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఆ డ్రైనేజీలోనేనా?" అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. ఊరంతా వాడి వదిలేసిన నీళ్ళు ఎటు పోతాయో ఒక్కరికీ పట్టదు. అవి వెనక్కి వచ్చినప్పుడు మాత్రం అందరికీ మేం గుర్తొస్తాం.

ఆ వానాకాలం అవి వెనక్కి వచ్చాయి. మడ అడవి పక్కన, ఊరికంతటికీ పల్లంలో ఉన్న వీధిలో, ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ ఫోన్ చేసింది. కుండపోత వానలో వెళ్ళాను. బాత్రూం తూములోంచి మురుగు ఉబికి హాల్లో కార్పెట్ దాకా పాకింది. ఆవిడ అందులోనే నిలబడి, తడిసిన తువ్వాలు పిండుతూ, "ఇల్లు ఇలా ఉంది, ఏమీ అనుకోకు తల్లీ" అంది ఇంగ్లీషులో. ఎవరింటి మలమో ఆమె ఇంట్లోకి వస్తే క్షమాపణ ఆమె చెబుతోంది! నాకు ఒళ్ళు మండిపోయింది.

నిజానికి అందులో ఎక్కువ భాగం వాననీరే. కప్పు మీద పడ్డ వాన వీధి కాలవలోకి పోవాలి. పెరట్లో నీళ్ళు నిలవకూడదని కొందరు ఆ పైపును దొంగతనంగా మురుగు పైపులో కలిపేస్తారు. అంత నీటికి మురుగు పైపు చాలదు. పల్లంలో ఉన్న ఇంట్లోంచి తన్నుకొస్తుంది. మిగిలింది మా కేంద్రం పట్టలేక సగం శుద్ధితోనే సముద్రంలో కలుస్తుంది.

ఆ వారాంతం ఊళ్ళోని తెలుగు డాక్టరుగారింట్లో భోజనాలు. అందరం ఆయన్ని అంకుల్ అంటాం. మా ఆయన పనిచేసేది ఆయన కిందే, ఆస్పత్రిలో. ఆ మురుగు వల్ల బీచ్ మూసేశారని అంకుల్ అందరి ముందూ నన్ను కడిగేశారు.

"మీ ప్లాంట్‌లో అందరూ నిద్రపోతున్నారా అమ్మా? కిడ్స్‌ని స్విమ్మింగ్‌కి ఎక్కడికి తీసుకెళ్ళాలి? టోటల్లీ యూజ్‌లెస్ కౌన్సిల్!"

అవమానాన్ని అన్నంతో పాటు మింగాను.

వానలు వెలిశాక పొగ పరీక్ష మొదలుపెట్టాం. మ్యాన్‌హోల్‌లోంచి మురుగు పైపులోకి తెల్లటి పొగ ఊదితే, దొంగతనంగా కలిపిన పైపు గుండా ఆ ఇంటి చూరులోంచి పొగ బయటికొస్తుంది. గుట్ట మీది వీధిలో ఊదగానే అంకుల్ ఇంటి చూరు చుట్టూ పొగ లేచింది.

అంకుల్ బయటికొచ్చి చూశారు. నన్ను పక్కకి పిలిచారు.

"పూల్ పక్కన వాటర్ నిలిచిపోతోందని కలిపించానమ్మా. ఈ ఒక్క హౌస్ స్కిప్ చేసెయ్. మనవాళ్ళం కదా."

"మీ నీళ్ళు కింద వీధిలో ఒకావిడ హాల్లోకి వెళ్ళాయి అంకుల్."

"నా ఒక్కడివేనా? మీ ఆయన కాంట్రాక్ట్ రెన్యువల్‌కి ఉంది. కొంచెం థింక్ చెయ్."

ఆయన గొంతు ఎంతో మెత్తగా ఉంది. ఆ మెత్తదనమే నన్ను రెచ్చగొట్టింది.

"మీ బాత్రూంలోకి వచ్చుంటే స్కిప్ చెయ్యమనేవారా?" అని అరిచాను. పొగ ఊదుతున్న మా వాళ్ళు తెలుగు తెలియకపోయినా తిరిగి చూశారు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "వదలకు. వేరే ఉద్యోగం చూసుకుంటాలే" అన్నాడు. ఆ అవసరం రాలేదు. ఆ ఊరికి రావడానికి ఇంకెవరూ ఒప్పుకోకపోవడంతో కాంట్రాక్టు పొడిగించారు. నోటీసులు వెళ్ళాక, దొరికిన మిగతా ఇళ్ళవాళ్ళతో పాటు అంకుల్ కూడా పైపు విడదీయించారు. మమ్మల్ని భోజనాలకు పిలవడం మానేశారు. సొంతవాళ్ళనే పట్టించిందని ఊళ్ళో తెలుగువాళ్ళంతా నా గురించి చెప్పుకున్నారు.

మరుసటి వానలకు పల్లపు వీధిలో మురుగు పొంగలేదు. కానీ ఆ ముసలావిడ అప్పటికే ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఎంత కడిగినా వాసన పోవడం లేదని వెళ్ళేముందు నాతో అంది. ఆ రోజు కూడా సారీ చెప్పింది.

"ఇప్పటికైనా కోపం తగ్గిందా?" అని మా ఆయన అడిగాడు.

తగ్గలేదు. గుట్ట మీద ఇంకా పొగ ఊదని వీధులున్నాయి.