రెండు కాళ్ళూ ఒకేసారి

ప్రొద్దుటూరులో మా పక్కింటి మామ చనిపోయాడన్న సంగతి నాకు పార్టీ ఆఫీసులో తెలిసింది. ఎన్నికల్లో గెలిచిన సంబరం, మెడలో ఇంకా పార్టీ కండువా ఉంది. దాన్ని జేబులో కుక్కుకుని ఖబరస్తానుకు పరుగెత్తాను. మట్టి వేసే వేళకు చేరాను. ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క పని. అది చేయకుండానే ఆయన మీద మట్టి వేశాను.

మామ కువైట్ విమానాశ్రయంలో సామాన్లు మోసి వచ్చినవాడు. పైకి లేచిన విమానం చక్రాలను కడుపులోకి ముడుచుకోవడం ఆయనకు అక్కడ పట్టిన పిచ్చి. ఊళ్ళో మిక్సీలు బాగుచేస్తూ, తీరిక దొరికితే రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు చేసేవాడు. పులివెందులలో ఒక నాయకుడి హెలికాప్టర్ దిగినప్పుడు జనమంతా నాయకుణ్ణి చూస్తుంటే, మామ వంగి దాని కిందికి చూశాడు. "ఏందప్పా ఇది, కాళ్ళు ముడవనే ముడవదే!" అన్నాడు. బస్సులో దారి పొడుగునా అదే బాధ.

ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా పెద్ద విమానానికి మొదట గాలి ఒత్తిడితో ముడిచే చక్రాలు ఉండేవి. ఒక్కోసారి ఒక కాలు దిగి, ఇంకోటి లోపలే బిగుసుకునేది. రిమోట్ పట్టుకున్న నేను దాన్ని అట్లే దించబోయేవాణ్ణి. "కుంటుతా దించొద్దురా. రెండూ ఎత్తేసి పొట్ట మీద దించు. గీసుకుంటే గీసుకుంటాది, రెక్క మిగుల్తాది" అనేవాడు.

నిరుడు మోటారుతో ముడిచే కొత్త చక్రాలు తెప్పించాడు. రెక్క కింది పాత గుంటలో అవి పట్టక, రెక్క చెక్కను తొలిచి, బలానికి ప్లైవుడ్ ముక్క అతికించాడు. విమానాన్ని తన తలగడ మీద వెల్లకిలా పడుకోబెట్టి స్విచ్ నొక్కి, కళ్ళు మూసుకుని మోటార్ల చప్పుడు వినేవాడు. "రెండూ ఒకేసారి ముడవాల, నమాజులో పక్కపక్కన కూర్చునేవాళ్ళ మాదిరి." ఒకటి వెనకబడితే మళ్ళీ అంతా విప్పేవాడు. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. ఎగరేయాల్సింది నేనే.

"జమ్మలమడుగు పక్క చదును నేలుంది. ఒక్కసారి పోదాం రారా" అన్నాడు.

ఆ నేలున్నది ఎదుటి పార్టీ ఊళ్ళో. ఒకప్పుడు మావాళ్ళూ వాళ్ళూ బాంబులు వేసుకున్నారు. నేనేమో మా వార్డులో పార్టీ ఏజెంటును. ఎలక్షన్లు అయిపోనీ మామా అన్నాను.

"ఇమానానికి పార్టీ యాడిదిరా?"

"ఇమానానికి లేదు మామా, నాకుంది."

తెలివిగా మాట్లాడాననుకున్నాను. తర్వాత పోలింగ్ గొడవలు సద్దుమణగనీ అన్నాను. గొడవలు సద్దుమణగనీ అన్నాను. ఆయన ఇక అడగడం మానేశాడు.

ఖబరస్తాన్ గేటు దగ్గర ఆ చదును నేలున్న ఊరి పెద్దాయన నన్ను ఆపాడు. "ఆ చక్రాలు శానా సున్నితమంట గదప్పా, చిన్న రాయికే వంగిపోతాయంట. మీ మామ చెప్తే రాళ్ళన్నీ ఏరిపెట్టినాం. మా పిల్లోళ్ళు నేలంతా ఊడ్చినారు. మీరిద్దరూ ఎప్పుడొస్తారా అని చూస్తాంటిమి."

అన్నాళ్ళూ నన్ను పోనీయకుండా ఆపింది ఆ ఊరు కాదు. నా మెడలో కండువాకు మరక పడుతుందన్న భయం. ఆ మాట మామతో చెప్పుకుని తిట్లు తినే వీలు కూడా ఇక లేదు.

మొన్న అత్త ఆ విమానాన్ని తలగడతో సహా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

దాన్ని తీసుకుని ఆ ఊరికి పోతే, ఆ నేల నిజంగానే అద్దంలా ఉంది. పక్కన మోకాలెత్తు రాళ్ళ కుప్ప. విమానం నున్నగా పరుగెత్తి లేచింది. స్విచ్ నొక్కాను.

"రెండూ ఒకేసారి ముడిసెనా?" పక్కనున్న పెద్దాయన అడిగాడు. "తాను రాలేకపోతే నన్ను అడగమన్యాడు మీ మామ."

నా కళ్ళు నిండిపోయి ఏమీ కనిపించలేదు. "నువ్వే చూసి చెప్పు పెద్దాయనా" అన్నాను.

ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "కూర్చున్యాయప్పా, రెండూ."

విమానం మా తలల మీద చుట్లు తిరుగుతోంది. ఆ కాళ్ళను మళ్ళీ దించే స్విచ్ మీద వేలు పెట్టి, చాలాసేపు నొక్కలేకపోయాను.